రెండుసార్లు పంచిన బచ్చాలు

మా పాప మైత్రికి ఇప్పుడు పదిహేడు నెలలు. నేనిది రాస్తుంటే ఎదురుగా గోడ పట్టుకుని నిలబడి, నా ఫోను చార్జరు వైరు లాగాలా వద్దా అని ఆలోచిస్తోంది. ఏడాది క్రితం నిలబడటం అనే మాటని మా ఇంట్లో ఎవరి నోటా రానిచ్చేవాణ్ణి కాదు. ఇప్పుడు కాస్త ఊపిరి ఆడుతోంది కాబట్టి మర్చిపోకముందే రాసి పెట్టుకుంటున్నాను. ఎక్కడో వెయిటింగ్ హాల్లో పసిపిల్లను ఒళ్లో పెట్టుకుని, పేరు ఎప్పుడు పిలుస్తారా అని కూర్చున్నవాళ్లకి పనికొస్తే ఇంకా సంతోషం. డాక్టరు చెప్పాల్సింది డాక్టరే చెప్తారు. నేను చెప్పేది మా ఇంట్లో ఏం జరిగిందో అంతవరకే.

నేను అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్లో సాఫ్ట్‌వేర్ పాఠాలు చెప్తాను. పొద్దున రెండు బ్యాచ్‌లు, సాయంత్రం రెండు, మధ్యలో ఖాళీ. నలభై అయిదు రోజుల్లో కోర్సు పూర్తి అని మా బోర్డు మీద పెద్దక్షరాలతో ఉంటుంది. డెమో క్లాసులో ఆ మాట గుండె మీద చెయ్యేసుకుని చెప్పేది నేనే. నా భార్య స్రవంతికి లక్డీకాపూల్లో గవర్నమెంటు ఆఫీసు ఉద్యోగం. మాతో మా అమ్మ ఉంటుంది. మధురానగర్‌లో మూడో అంతస్తు, రెండు గదులు, లిఫ్టు లేదు.

మైత్రి ఏడు వారాలు ముందే పుట్టేసింది. మూడు వారాలకు పైగా అద్దాల పెట్టెలో ఉంది. ఇంటికి పంపే రోజు నర్సు ఒకామె, "మెడ జాగ్రత్త, ఎత్తుకునేటప్పుడు చెయ్యి ఆనించండి" అంది. ఆ ఒక్క మాటని మేం ముగ్గురం వేదంలా పట్టుకున్నాం.

ఐదో నెల

టీకా వేయించడానికి తీసుకెళ్లినప్పుడు పిల్లల డాక్టరు మైత్రి రెండు చేతులూ పట్టుకుని మెల్లగా పైకి లేపారు. ఒళ్లు లేచింది గానీ తల వెనక్కే ఉండిపోయింది. ఆయన ఇంకోసారి లేపి చూశారు. ఆ రెండోసారి నాకు నచ్చలేదు. ఒక్కసారి చూసి వదిలేసి ఉంటే మామూలే అనుకునేవాణ్ణి.

కండరాల్లో బిగువు తక్కువగా ఉందన్నారు. ముందే పుట్టిన పిల్లలకి వయసు పుట్టిన రోజు నుంచి కాకుండా పుట్టాల్సిన రోజు నుంచి లెక్కపెట్టాలట. అలా చూసినా ఈమె వెనకబడే ఉందట. తర్వాత రెండు వారాలు పరీక్షలతో గడిచాయి. స్కాన్‌లో భయపడాల్సిందేమీ కనిపించలేదన్నారు. నేను కుర్చీ అంచుకి జరిగి, "అయితే నడుస్తుంది కదా సార్?" అని అడిగాను.

"ఇప్పుడే చెప్పలేం. ఎక్సర్‌సైజులు మొదలుపెట్టండి. ఏడాది నిండేసరికి మళ్లీ చూద్దాం" అన్నారు.

నడుస్తుందో లేదో తెలియడానికి ఏడు నెలలు ఆగాలి. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో స్రవంతి చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేను మైత్రి టోపీ సర్దుతూ కూర్చున్నాను. ఆటో ఆయన ఏమైందని అడగలేదు. పాట ఆపేశాడు. పంజాగుట్ట నుంచి మా సందు దాకా గుంత కనిపించిన ప్రతిచోటా ఆటోని నడకంత నెమ్మది చేశాడు. దిగేటప్పుడు, "పైలం అన్నా, జాగ్రత్త" అన్నాడంతే. ఆయన మొహం నాకు ఇప్పుడు గుర్తు లేదు, ఆ మాట మాత్రం గుర్తుంది.

ఫిజియోథెరపీ సెంటరు పంజాగుట్టలో, ఒక బట్టల షాపు పైన. లలిత గారని ఒకావిడ చూస్తారు. కోస్తా మనిషి, ఇక్కడికొచ్చి ఇరవై ఏళ్లయినా మాట మారలేదు. మైత్రిని అటూ ఇటూ తిప్పి చూసి, మొదట అడిగిన ప్రశ్న ఇది.

"రోజు మొత్తంలో కింద ఎంతసేపు ఉంటుందండీ?"

"కింద అంటే మేడమ్?"

"నేల మీదండీ. చాప మీద."

"కింద ఎందుకు పెడతాం? మేం ముగ్గురం ఉన్నాం కదా" అన్నాను గర్వంగా.

నిజంగానే గర్వం. మా ఫ్రిజ్ మీద కాగితం అంటించి ఉండేది. ఎవరు ఎప్పటి నుంచి ఎప్పటి దాకా ఎత్తుకోవాలో గంటల వారీగా రాసింది నేనే. పాప నిద్రపోతే అమ్మ చీరతో కట్టిన తొట్టెల. తొట్టెల్లో, తల గుండ్రంగా రావాలని, అమ్మ స్వయంగా కుట్టిన ఆవాల దిండు. ఇదంతా లలిత గారికి వర్ణించి చెప్పాను. మెచ్చుకుంటారనుకున్నాను.

ఆవిడ నవ్వలేదు, తిట్టలేదు. "మీ ప్రేమకేం లోటు లేదండీ. ఈ పిల్లకి నేలతో పరిచయం లేదు, అదీ సంగతి. అద్దాల పెట్టెలోంచి మీ చేతుల్లోకొచ్చింది. చేతుల్లోంచి ఊయల్లోకి. తల ఎత్తాల్సిన అవసరం దానికి ఎక్కడొచ్చింది చెప్పండి?" అన్నారు. స్రవంతి కళ్లు నిండటం చూసి వెంటనే, "అమ్మా, ఇది మీవల్ల వచ్చింది కాదు. ఆ మాట మనసులోంచి తీసెయ్యండి. బిగువు తక్కువన్నది పుట్టుకతో ఉంది. ఉన్నదాన్ని వాడుకోవడానికి చోటివ్వండి, అంతే" అన్నారు.

మెలకువగా ఉన్నప్పుడు, మనం పక్కనే ఉండి, కాసేపు కాసేపు బోర్లా పడుకోబెట్టాలి. మొదట నా ఛాతీ మీద, తర్వాత చాప మీద. తువ్వాలు చుట్టి రొమ్ము కింద పెట్టాలి. మన మొహం దాని మొహానికి ఎదురుగా ఉండాలి. నిద్రపుచ్చేటప్పుడు మాత్రం వెల్లకిలే, గట్టి పరుపు మీద, దిండు వద్దు. వాకరు కొనొద్దు. నేను నోటుబుక్కు తీసి అన్నీ నంబర్లు వేసి రాసుకున్నాను. ఆ రోజు ఇంటికెళ్లగానే ఫ్రిజ్ మీద కాగితం చింపేశాను.

ఆరు, ఏడు నెలలు

అమ్మకి ఇది అస్సలు నచ్చలేదు.

"బండల మీద పండవెడ్తవా పసిదాన్ని? సల్ల వడ్తది. నిన్ను గిట్లనే పెంచిన్నా?" అంది.

"నన్ను ఎట్ల పెంచినవమ్మా?"

"నాకేడ తీరింది? పొలంకాడ గోనెపట్ట మీద ఏసి నాట్లకు పోయేదాన్ని" అంది. అన్నాక తనకే ఏదో తట్టినట్టు లోపలికి వెళ్లి, పాత చీరలతో కుట్టిన బొంత తెచ్చి నా మీదకి విసిరింది. "కనీసం గిదన్న ఎయ్యి."

బొంత వేశాం. మైత్రి బొంత మీద మొహం ఆనించి గుక్కపట్టి ఏడ్చేది. నేను సాయంత్రం బ్యాచ్‌కి వెళ్లి గడప దాటగానే అమ్మ ఎత్తేసుకునేది. నాకు తెలియదనుకునేది. మూడో అంతస్తు నుంచి కింది గేటు దాకా ఏడుపు వినిపించాలి కదా, రెండో అంతస్తుకే ఆగిపోయేది.

నా తప్పు ఇంకోటి. లలిత గారు మూడుసార్లు చేయించమంటే నేను పదిసార్లు చేయించాను. పది చేయిస్తే మూడింతలు త్వరగా వస్తుందని నా లెక్క. అదొక పట్టికలా రాసి, ఎన్నో రోజుకి మెడ, ఎన్నో రోజుకి దొర్లడం, ఎన్నో రోజుకి కూర్చోవడం అని టైం పెట్టుకున్నాను. పది రోజులయ్యేసరికి మైత్రి బొంత పరుస్తుంటేనే ఏడవడం మొదలుపెట్టింది. పాలు తాగడం తగ్గిపోయింది. లలిత గారికి నా పట్టిక చూపిస్తే, ఆవిడ దాన్ని మడిచి నా చొక్కా జేబులో పెట్టేశారు.

"ఇది మీ కోర్సు కాదండీ. ఏడుస్తూ ఎవరూ నేర్చుకోరు. నేర్పడం మానేసి దాంతో ఆడుకోండి" అన్నారు.

ఆడుకోవడం నాకు రాదని అప్పుడు తెలిసింది. పాఠం చెప్పడం వచ్చు. పాప ముందు బోర్లా పడుకుని, ఏం మాట్లాడాలో తెలియక, మొదటి రోజు క్లాసులో చెప్పే పాఠమే చెప్పాను. అది నా నోటి వంక చూస్తూ రెండు క్షణాలు తల ఎత్తి ఉంచింది. నా విద్యార్థులెవరూ అంత శ్రద్ధగా వినలేదు.

వెయిటింగ్ హాల్ గురించి చెప్పాలి. వారానికి మూడు రోజులు మధ్యాహ్నం అక్కడే. తల్లులు, అమ్మమ్మలు, టిఫిన్ డబ్బాలు, పాల సీసాలు. మగవాణ్ణి నేనొక్కణ్ణే. వచ్చిన ప్రతి ఒక్కరూ "మేడం రాలేదా?" అని అడిగేవారు. అక్కడికి ఓ నాలుగేళ్ల పాప వచ్చేది, రెండు కాళ్లకీ పట్టీలతో బిగించిన బూట్లు వేసుకుని. కుర్చీ వెంట కుర్చీ పట్టుకుని మెల్లగా నడిచేది. ఆ పాప నా వైపు వస్తుంటే నేను ఫోన్లోకి తల దించేవాణ్ణి. మైత్రి మొహాన్ని నా భుజానికి తిప్పేవాణ్ణి. చూస్తే మాకూ అదే జరుగుతుందేమోనన్న భయం. అంత చదువుకున్నవాడికి అంత నీచమైన భయం.

ఆ పాప తల్లి గమనించింది. ఒకరోజు నా పక్క కుర్చీలో కూర్చుని, మెల్లగా అంది. "సూడుండ్రి సార్, ఏం గాదు. మీరు సూస్తలేరని దానికి మస్తు ఫికరైతుంది. నా నడక మంచిగలేదా అని అడుగుతుంది నన్ను."

నాకు తల కొట్టేసినట్టయింది. ఫోను జేబులో పెట్టి, మైత్రిని అటు తిప్పి కూర్చోబెట్టుకున్నాను. ఆ పాప ఐదు కుర్చీలు దాటి మా దగ్గరికి వచ్చి మైత్రి కాలి వేలు పట్టుకుంది. "బాగా నడిచావమ్మా" అన్నాను. ఆ తర్వాత నుంచి ఆ పాప కోసం మేం ఎదురుచూసేవాళ్లం.

ఏడో నెల చివరికి మెడ నిలిచింది. స్రవంతి ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పకుండానే పాప తల వంక చూసుకుంటూ నిలబడిపోయింది. కానీ దొర్లడం మాత్రం లేదు. పక్కకి తిరిగేది, అక్కడ ఆగిపోయేది, మళ్లీ వెల్లకిలా పడేది.

ఎనిమిదో నెల

పిల్ల బోర్లా పడితే మా ఇళ్లలో బచ్చాలు చేసి పంచుతారు. పూర్ణం పెట్టి కాల్చే ఆ తీపి రొట్టెల్ని ఆంధ్ర వాళ్లు బొబ్బట్లంటారు. అందుకని పిల్ల ఉన్న ఇంటికి ఎవరొచ్చినా, అడగడం తప్పని అనుకోకుండానే అడిగేస్తారు. "బచ్చాలెప్పుడు పెడ్తున్నరు?" మెట్ల మీద, కూరగాయల బండి దగ్గర, నీళ్ల ట్యాంకరు దగ్గర. నేనైతే డ్యూటీకి పారిపోతాను, స్రవంతి ఆఫీసుకి పారిపోతుంది. రోజంతా ఆ బిల్డింగులో ఉండేది అమ్మ.

మే నెలలో ఒకరోజు పొద్దుటి బ్యాచ్‌లు ముగించుకుని వస్తుంటే గేటు దగ్గర వాచ్‌మన్ భార్య నవ్వుతూ ఎదురొచ్చింది.

"పాప బొర్లవడ్డదంట గద సార్! బచ్చాలు మస్తుగున్నయ్."

మెట్లు ఎలా ఎక్కానో తెలియదు. మూడంతస్తులూ పరుగెత్తాను. నేను లేనప్పుడు జరిగిందే అన్న కోపం కూడా లేదు. మధ్యలో ఎక్కడో స్రవంతికి ఫోన్ చేసి "పడింది, పాప పడింది!" అని అరిచాను. తలుపు తోసుకుని లోపలికెళ్తే మైత్రి పరుపు మీద నిద్రపోతోంది. అమ్మ వంటింట్లో ఖాళీ గిన్నె కడుగుతోంది. నా మొహం చూసి ఆమె చేతులు ఆగిపోయాయి.

"పడలే" అంది.

"మరి?"

"ఏం జెయ్యాలె రా? దినాం అడుగుతున్నరు. ఇంకా పడలేదా, ఇంకా పడలేదా అని. రెండో అంతస్తామె ఏమన్నదో ఎర్కనా? డాక్టర్‌కు సూపెట్టిన్రా అన్నది. నా నోరు మూతబడ్డది. గందుకే చేసి పంచేసిన. ఇగ అడగరు."

నేను ఆ రోజు అన్న మాటలు ఇక్కడ రాయలేను. ఒక్కటి రాస్తాను, ఎందుకంటే అదే నన్ను ఎక్కువ కాల్చింది. "నీ మనవరాలంటే నీకే సిగ్గుగా ఉందా?" అన్నాను. అమ్మ చేతులు తుడుచుకుని పాప దగ్గరికెళ్లి విసనకర్ర ఊపుతూ కూర్చుంది.

సగం రోజు సెలవు పెట్టి స్రవంతి మిఠాయి డబ్బాతో వచ్చింది. విషయం చెప్పాను. డబ్బా బల్ల మీద పెట్టింది. వంటింట్లోకెళ్లి, ప్లేటులో మిగిలిన ఒక బచ్చాన్ని నిలబడే తిన్నది, ఏడుస్తూ తిన్నది. తినడం అయ్యాక, "అత్తమ్మను ఏమనకు. రోజంతా జవాబులు చెప్పేది ఆమెనే" అంది. నేను వినలేదు. నాలుగు రోజులు అమ్మతో మాట్లాడలేదు. ఆ తర్వాత మాట్లాడినా ముక్తసరిగానే.

ఆ అబద్ధం అమ్మ అనుకున్నట్టు ఊరికే పోలేదు. మొదటి అంతస్తులో షాహీన్ ఆపా ఉంటుంది, బిల్డింగంతటికీ అక్క, ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. వేరే ఊళ్లో ఉద్యోగం చేసే ఆమె కూతురి కొడుకు ఫైజాన్ ఆపా దగ్గరే పెరుగుతున్నాడు, మైత్రి కన్నా నెల పెద్ద. బచ్చాలు తిన్న వారానికి ఆమె మైత్రికి పసుపు రంగు గౌను కుట్టి తెచ్చింది. "బొర్లా పడింది కదా, ఇప్పుడు గౌను పైకి పోకుండ కింద ఎలాస్టిక్ పెట్టిన" అంది. అమ్మ ఆ గౌను తీసుకుని బీరువాలో అడుగున పెట్టేసింది. మైత్రికి ఒక్కసారి కూడా తొడగలేదు.

పదో నెల

ఆషాఢం వచ్చింది. బల్కంపేట ఎల్లమ్మ కల్యాణం, తర్వాత బోనాలు. మా వీధుల్లో ట్రాఫిక్ మళ్లించేశారు. ఆటోలు రావడం లేదు, ఆ రోజు థెరపీకి వెళ్లలేమని లలిత గారికి ఫోన్ చేశాను. "ఇంట్లో ఆడుకోండి, చాలు" అన్నారు.

తొమ్మిది గంటల బ్యాచ్ మధ్యలో ఉండగా అమ్మ ఫోన్ చేసింది. క్లాసు నుంచి బయటికి వచ్చి ఎత్తాను.

"కొడుకా, బొర్లవడ్డది! కింద డప్పులు పోతుంటే సప్పుడు దిక్కు తిరిగి పడ్డది!"

నాకు ఒంట్లో ఏమీ కదల్లేదు. మే నెలలో ఎక్కిన మూడంతస్తులే గుర్తొచ్చాయి. "సరేలే అమ్మా" అన్నాను.

"నిజంగ రా."

"సరే అన్న గద. క్లాసుల ఉన్న."

"మంచిది, నువ్వు రా" అని అమ్మ ఫోన్ పెట్టేసింది. నేను లోపలికెళ్లి పాఠం కొనసాగించాను. ఆ పాఠం ఏమిటో నాకే తెలియదు.

వీధి నిండా జనం, బోనాలెత్తుకున్న ఆడవాళ్లు, పోతరాజు వేషగాడి వెనక పరుగెత్తే పిల్లలు. పది నిమిషాల దారికి ముప్పావుగంట పట్టింది. మా మెట్లెక్కుతుంటే టంగ్ టంగ్‌మని చప్పుడు వినిపించింది. తలుపు తెరిచే ఉంది. హాల్లో బొంత మీద మైత్రి వెల్లకిలా ఉంది. దాని పక్కనే, మోకాళ్ల నొప్పితో ఏడాదిగా నేల మీద కూర్చోవడమే మానేసిన మా అమ్మ, పూర్తిగా పక్కకి ఒరిగి పడుకుని ఉంది. చేతిలో స్టీలు పళ్లెం, గరిటె. కొడుతోంది.

"డప్పులు పోయినయ్" అంది నన్ను చూసి, రొప్పుతూ. "దానికి సప్పుడు గావాలె. సూడు, నువ్వే సూడు. నా మాట నమ్మకు."

నేను ఆమె పక్కన కూర్చున్నాను. ఇద్దరం పాపని చూస్తున్నాం. అమ్మ పళ్లేన్ని పాప తలకి అటువైపు పట్టుకుని కొట్టింది. మైత్రి చూపు తిప్పింది. తల తిప్పింది. ఒక కాలు ఎత్తి దాటించింది, ఎప్పుడూ ఆగిపోయే చోట ఆగింది. అమ్మ కొట్టడం ఆపలేదు. పాప పిడికిలి బిగించి, ఒక మూలుగు మూలిగి, తిరిగిపోయింది. చెయ్యి పొట్ట కింద ఇరుక్కుంది. దాన్ని లాక్కోవడానికి తంటాలు పడి, లాక్కుని, తల ఎత్తి పళ్లెంలో తన మొహాన్ని చూసుకుంది.

నేను ఏడుస్తున్నానని నాకు తర్వాత తెలిసింది. "అమ్మా, నన్ను క్షమించు" అన్నాను. పొద్దున ఫోనుకి, మేలో అన్న మాటకి, రెండింటికీ కలిపి.

"గవన్ని తర్వాత. ముందుగాల నన్ను లేపు రా, గంటన్నర సంది లేవరాక గిట్లనే పన్న" అంది.

సాయంత్రం స్రవంతి వచ్చాక పళ్లెం కొట్టుడు మళ్లీ జరిగింది. మర్నాడు ఆదివారం. అమ్మ పొద్దున్నే శనగపప్పు ఉడకబెట్టింది. "ఇప్పుడెందుకమ్మా, అందరికీ ఒకసారి పెట్టేసినం కదా" అన్నాను నవ్వుతూ. అమ్మ నవ్వలేదు. బచ్చాలన్నీ గిన్నెలో సర్దింది. మైత్రిని నాకిచ్చి, "నా ఎనక రా" అంది.

ప్రతి గడప దగ్గరా ఒకటే మాట చెప్పింది. "అప్పుడు పెట్టినయి అబద్ధపుయి. పిల్ల పడలేదు, నేనే పడ్డదని చెప్పిన. డాక్టర్లకు సూపెడ్తున్నం, కసరత్తులు చేపిస్తున్నం. నిన్న పడ్డది. గివి నిజమైనయి." రెండో అంతస్తామె గబగబా గిన్నెలోంచి రెండు తీసుకుంది. వాచ్‌మన్ భార్య పాపకి దిష్టి తీసింది. నేను సిగ్గుతో చస్తూ, గర్వంతో ఉబ్బిపోతూ వెనకాల నిలబడ్డాను.

షాహీన్ ఆపా తలుపు దగ్గర మాత్రం అమ్మ మాట అయిపోయాక కూడా ఆపా కదల్లేదు. బచ్చం చేతిలో అలాగే ఉంది.

"అంటే మేల పాప పడలేదా అమ్మా?"

"లేదు బిడ్డా."

"ఫైజాన్ ఇప్పటికీ కూర్చుంటలేడు" అంది ఆపా. "మెడ కూడ సరిగ్గ నిల్వదు. మీ పాప కూడ జల్దీ పుట్టింది, అయినా పడ్డది, మావోడు ఒక్కడే ఇట్ల అనుకున్న. ఎవ్వర్కి చెప్పలే. బిడ్డకు సుత చెప్పలే, ఆమె పరేషాన్ అయితదని. గౌను కుడ్తుంటే ఏడ్పొచ్చింది నాకు."

అమ్మ గిన్నె నేల మీద పెట్టేసింది. ఆపా చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. "నాది పాపం తల్లీ. నా నోటి మాటకు నువ్వు రెండు నెల్లు ఒక్కదానివే ఏడ్చినవ్" అంది.

మంగళవారం పంజాగుట్టకి ఇద్దరు పిల్లలతో వెళ్లాం. ఆపా తలుపు దగ్గర చెప్పులు విప్పుతూ, "భాయ్, లోపల ఏం అడుగుతరు?" అంది భయంగా. "మొదట, రోజుకి కింద ఎంతసేపు ఉంటడు అని అడుగుతరు ఆపా" అన్నాను. ఆ రోజు మైత్రికి పసుపు గౌను తొడిగింది అమ్మ. పొట్ట దగ్గర కొంచెం బిగుతైపోయింది.

ఇప్పుడు

ఏడాది నిండినప్పుడు పిల్లల డాక్టరు మళ్లీ మైత్రి రెండు చేతులూ పట్టుకుని లేపారు. ఈసారి ఒంటితో పాటు తల కూడా వచ్చింది. రెండోసారి లేపి చూడలేదు. "నడుస్తుంది. ఆలస్యం అవుతుంది, ఎప్పుడని మాత్రం అడక్కండి" అన్నారు. నేను అడగలేదు. స్రవంతి నా చెయ్యి గిల్లింది, అడుగుతానేమోనని.

థెరపీ ఇంకా నడుస్తూనే ఉంది. ఫైజాన్ మొన్న ఎవరూ పట్టుకోకుండా కూర్చున్నాడు, ఆపా అందరికీ సేమ్యాల షీర్‌కుర్మా పంచింది. వాడికి ఇంకా చాలా పని ఉందని లలిత గారు దాచకుండా చెప్పారు. వాడు నడుస్తాడో లేదో ఇప్పుడే తెలియదట. ఆ మాట వింటున్నప్పుడు ఆపా పక్కన మా అమ్మ ఉంది. వెయిటింగ్ హాల్లో ఐదు కుర్చీలు నడిచిన పాప ఇప్పుడు మెట్లు ఎక్కడం నేర్చుకుంటోంది.

మా వైపు పిల్ల తొలి అడుగులు వేస్తే అరిసెలు చేస్తారు. ఈ పొద్దున క్లాసుకి బయల్దేరుతూ వంటింట్లోకి చూస్తే, పెద్ద గిన్నెలో బియ్యం నానబోసి ఉన్నాయి. మైత్రి ఇంకా గోడ వదల్లేదు. నాకు మే నెల గుర్తొచ్చింది. "అమ్మా, ఎవరికన్నా చెప్పినవా?" అని అడిగాను.

"ఎవ్వరికి చెప్పలే. ఊకె నానవోసిన, గంతే."

"రేపటికి అడుగు వెయ్యకపోతే?"

అమ్మ గిన్నె మీద మూత పెట్టింది. "ఎయ్యకపోతే అట్లు పోస్త" అంది. "మల్ల నానవోస్త."